తాళం తీసే మనిషికి జీతమేది?

అనంతపురంలో ఒక కాలనీ పార్కు. సాయంత్రం ఐదున్నర. గేటుకు తాళం వేసి ఉంది. లోపల వ్యాయామ పరికరాలు ఎండకు రంగు వెలిసి నిలబడి ఉన్నాయి. ఒకదానికి బోల్టు ఊడిపోతే ప్లాస్టిక్ తాడుతో కట్టారు. బయట పిట్టగోడ మీద పది పన్నెండు మంది కుర్రవాళ్లు కూర్చున్నారు. తాళం చెవి ఎవరి దగ్గర ఉందని అడిగితే వాచ్‌మన్ దగ్గర ఉంటుందని ఒకరు, ఆయన మానేసి నెలలైందని ఇంకొకరు చెప్పారు. కాసేపటికి ఇద్దరు గోడ దూకారు. మిగిలినవాళ్లు జేబుల్లోంచి ఫోన్లు తీశారు.

ఆ గోడ కట్టడానికి డబ్బు దొరికింది. శిలాఫలకం చెక్కించడానికీ దొరికింది. పొద్దున ఐదింటికి గేటు తీసి, రాత్రి దీపాలు ఆర్పి వెళ్లే మనిషికి మాత్రం నెల జీతం దొరకలేదు. యువత పేరిట మన స్థానిక సంస్థలు పెట్టే ఖర్చు తెగిపోయేది సరిగ్గా ఇక్కడే.

బాధ్యత ఎవరిదన్న సందేహం అక్కర్లేదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదలచిన 18 అంశాల్లో పార్కులు, ఆటస్థలాలు ఉన్నాయి. పంచాయతీల కోసం 73వ సవరణ రాసిన 29 అంశాల్లో గ్రంథాలయాలు, వృత్తి శిక్షణ, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి. చిక్కంతా డబ్బు దగ్గర. 2021–26 కాలానికి కేంద్రం నియమించిన 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంటులో నూటికి అరవై రూపాయలు తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపడ్డాయి. మిగిలిన నలభై స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు, కానీ జీతాలకు, కార్యాలయ నిర్వహణకు ఖర్చు పెట్టకూడదన్నారు. గ్రాంటు మొత్తం జీతాలకే కరిగిపోకుండా చూడాలన్నది ఆ నిబంధన ఉద్దేశం. దాన్ని తప్పు పట్టలేం. అయితే దాని నీడలో ప్రహరీ గోడ సులువైన పని అయింది, కోచ్ కష్టమైన పని అయ్యాడు. గోడకు టెండరు ఉంటుంది, బిల్లు ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. కోచ్‌కు ప్రతి నెలా ఒకటో తేదీన జీతం ఇవ్వాలి. ఆ జీతం సంస్థ సొంత రాబడి నుంచే రావాలి.

మనిషి మీద పెట్టిన ఖర్చు ఏం చేయగలదో ఈ జిల్లాకు వేరొకరు చెప్పనక్కర్లేదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) నిర్మించిన క్రీడాగ్రామంలో 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. 2010లో టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ అక్కడే పేద పిల్లల కోసం శిక్షణ కేంద్రం తెరిచింది. నార్పల మండలం బండ్లపల్లి అమ్మాయి బారెడ్డి అనూష ఆర్డీటీ మైదానాల్లో బంతి పట్టి, 2023లో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకు ఆడింది. ఆ మైదానం పచ్చగా ఉన్నందుకు మాత్రమే ఆమె అంతదూరం వెళ్లలేదు. రోజూ నేర్పేవారు ఉన్నారు, తప్పు చేస్తే ఆపి సరిదిద్దేవారు ఉన్నారు.

2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది కూడా ఆ బండ్లపల్లిలోనే. పని అడగడం హక్కు అని చట్టం చెప్పిన చోట, ఆట నేర్చుకునే అవకాశం మాత్రం ఒక దాతృత్వ సంస్థ చలవతో వచ్చింది. ఆ సంస్థకు ఈ జిల్లా ఎంతో రుణపడి ఉంది. కానీ 2025లో దాని విదేశీ విరాళాల అనుమతి సందిగ్ధంలో పడినప్పుడు జనం రోడ్ల మీదికి రావలసి వచ్చింది. ఎక్కడో ఢిల్లీలో ఒక ఫైలు ఆగితే ఇక్కడి పిల్లల ఆట ఆగిపోతుందేమోనన్న భయం అది. నగరపాలక సంస్థ, పంచాయతీ తమ వంతు చేసి ఉంటే ఆ భయం అంత పెద్దదయ్యేది కాదు.

రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరు 26న ‘ఆడుదాం ఆంధ్రా’ మొదలుపెట్టి నెలన్నరకు పైగా పోటీలు నడిపింది. పల్లెల్లో ఆడపిల్లలు కబడ్డీ బరిలోకి దిగారు. అది చిన్న సంగతి కాదు. ఫైనల్స్ విశాఖలో ముగిశాయి. మర్నాటి నుంచి ఆ పిల్లలను మళ్లీ మైదానానికి పిలవడానికి ఊళ్లో ఎవరున్నారు? పండుగ కోసం కేటాయించిన డబ్బు పండుగతోనే అయిపోతుంది. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఇదే వరస.

ఇక యువతకు పనికిరావాల్సిన, ఇప్పటికే వసూలవుతున్న సొమ్ము సంగతి. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. రెండు వేల పన్నుకు నూట అరవై రూపాయలు. వసూలు చేసిన స్థానిక సంస్థ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చేయకుండా సొంత ఖర్చులకు వాడుకుని బకాయి పడటం రాష్ట్రంలో పాత జబ్బు. ఈ జబ్బు ఖరీదు చెల్లిస్తున్నది డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకు, గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలు. గదిలో నలుగురు సర్దుకుని, కుర్చీకి నెలకింత అని ప్రైవేటు స్టడీ హాళ్లకు చెల్లిస్తున్నారు. వాళ్ల తల్లిదండ్రులు వేరుశనగ చేలో వాన కోసం ఆకాశం వైపు చూసే మనుషులు. గ్రంథాలయం రాత్రి పది దాకా తెరిచి ఉంటే ఆ ఇంటికి నెల నెలా అంత మిగులుతుంది. తెరిచి ఉంచాలంటే మళ్లీ ఒక మనిషి కావాలి.

పారిశుధ్య కార్మికుల జీతాలకే కటకటగా ఉంటే కోచ్‌లకు ఎక్కడి నుంచి తేవాలని అధికారులు అడగవచ్చు. కార్మికుల జీతంలో పైసా తగ్గించమని మేము అనడం లేదు. అనంతపురం, కర్నూలు, కడప నగరపాలక సంస్థలు తమ సొంత రాబడిలో నూటికి రెండు రూపాయలను యువత పద్దు కింద విడిగా రాయాలని, అందులోంచి సిమెంటు పనికి ఒక్క రూపాయి కూడా మళ్లించరాదని అడుగుతున్నాం. వ్యాయామ విద్యలో డిగ్రీ చేసి, ఉద్యోగం లేక బెంగళూరు బస్సెక్కుతున్న యువకులు మన మధ్యే ఉన్నారు. వార్డుకు ఒకరికి పూటకింత అని గౌరవ వేతనం ఇచ్చినా పని మొదలవుతుంది. సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అన్నది మూడు నెలలకోసారి గ్రంథాలయం గోడ మీద రాయాలి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. చీకటి పడగానే మైదానం మగపిల్లలదైపోతుంది, ఆడపిల్లలు ఇంటి దారి పడతారు. వాళ్లకు ఇష్టం లేక కాదు. దీపం లేదు, మరుగుదొడ్డి లేదు, అక్కా అని పిలిస్తే పలికే శిక్షకురాలు లేదు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ప్రతి వార్డు మైదానంలో ఆడపిల్లలకు వేళ కేటాయించి, ఆ గంటన్నరా అక్కడ ఉండే మహిళా కోచ్ వేతనాన్ని యువత పద్దులో మొట్టమొదటి ఖర్చుగా రాయాలి.