సమాధుల పండుగలో మనం వదిలేసిన సగం

నవంబరు 2న మన కతోలిక విచారణల్లో, అంటే ఒక్కో గురువు చూసుకునే గుడి పరిధుల్లో, సమాధులకు సున్నం వేస్తారు, బంతిపూలు పరుస్తారు, చీకటిపడే వేళకు కొవ్వొత్తులు వెలిగిస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్లం రాలేకపోయినా డబ్బు పంపుతాం. మృతుల స్మరణకు ఈ తేదీని నిలిపినవాడు ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒడిలో. ఆయన పెట్టిన నియమంలో సగమే మన దగ్గర నిలిచింది.

అక్విటేన్ ప్రభువు విలియం 910లో క్లూనీ మఠాన్ని స్థాపిస్తూ, దానిమీద ఏ ప్రభువు పెత్తనమూ ఉండకూడదని దానపత్రంలోనే రాశాడు. పునీత బెనెడిక్టు నియమాన్ని పాటించే బెనెడిక్టిన్ మఠాల సంస్కరణకు ఊపిరి ఆ స్వేచ్ఛే. ఐదో అధిపతి ఒడిలో 994 నుంచి 1049 వరకు మఠాన్ని నడిపి, కట్టుతప్పిన ఎన్నో మఠాలను గాడిన పెట్టాడు. లియోన్ అగ్రపీఠాధిపతి పదవి ఇస్తామంటే వద్దన్నాడు. పోపు మందలించినా మనసు మార్చుకోలేదు.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం 1030ల తొలినాళ్ల కరువు దగ్గర. ఎడతెగని వానలకు విత్తనం వేసే వీల్లేక, జనం గడ్డీ దుంపలూ తిన్నారని ఆ కాలపు సన్యాసి రోడుల్ఫస్ గ్లాబర్ రాశాడు. ఒడిలో పూజాపాత్రలను కరిగించాడు, ఆభరణాలు అమ్మాడు. చక్రవర్తి రెండో హెన్రీ కానుకగా ఇచ్చిన కిరీటాన్ని కూడా ఆకలిగొన్నవారి కోసం వదులుకున్నాడు. దాతలు దేవుడికిచ్చిన సొత్తును అమ్మే హక్కు ఆయనకెక్కడిదని అడగవచ్చు. బీదవాడి ఆకలి తీర్చడం దేవుడికి ఇవ్వడమేనని నమ్మినవాడికి ఆ ప్రశ్న అడ్డు రాదు.

నవంబరు 2 నియమంలోనూ అదే మనసు కనిపిస్తుంది. ఉత్తరించు స్థలంలోని, అంటే స్వర్గం చేరేముందు శుద్ధి పొందుతున్న, ఆత్మల కోసం గంటలు మోగించాలి, దివ్యబలిపూజలు అర్పించాలి. దాంతోపాటు, ఆ రోజు మఠానికి వచ్చిన బీదలకు రొట్టె, ద్రాక్షారసం పంచాలి. ప్రార్థన, అన్నం రెండూ మృతుల పేరనే.

గంటలు, పూజలు, దీపాలు మనకు మిగిలాయి. అన్నం చాలాచోట్ల జారిపోయింది. దాని స్థానంలోకి గ్రానైటు పలకలు, ఒకరిని మించి ఒకరు కట్టే సమాధులు వచ్చాయి. సున్నం, పూలు మానమని నేను అనను. ఊరితో కొందరికి మిగిలిన బంధం ఆ సమాధి ఒక్కటే. కానీ కొత్త పలకకు డబ్బు పంపేముందు విచారణ గురువుకు ఒక ఫోను చేయండి. ఈసారి ఆ మొత్తంతో బియ్యం, పప్పు కొని, నవంబరు 2 మధ్యాహ్నం గుడి ఆవరణలో మతం అడగకుండా వచ్చినవారందరికీ మీ అమ్మానాన్నల పేరున భోజనం పెట్టించమనండి.