టైల్స్ లెక్కతో ఏసీ అమ్మే సూత్రానికి

మహారాజశ్రీ 'నూట ఇరవై అడుగులకు ఒక టన్ను' గారికి,

బెజవాడలో ఆఖరి అంతస్తు, పడమటి గదిలో ఉడుకుతూ రాస్తున్నది.

తమరి చలవతో పోయిన నెల ఏసీ కొన్నాను. దుకాణంలో అబ్బాయి అడిగింది ఒక్కటే: "గది ఎంత సార్?" పదీ పన్నెండు అన్నాను. "ఒక టన్ను చాలు" అన్నాడు. స్టాండుకు, రాగి గొట్టానికి విడిగా గుంజిన సంగతి వదిలేస్తున్నాను.

ఇవాళ సెలవు పెట్టి మెకానిక్ కోసం కూర్చున్నాను. నాలుగింటికి వచ్చాడు. ఫిల్టర్ దులిపాడు, గ్యాసు బాగానే ఉందన్నాడు. తర్వాత తలెత్తి, "పైన ఎండేనా? అయితే రెండు టన్నులు పడాలి సార్" అన్నాడు. అమ్మిన రోజు ఆ తల ఎవరూ ఎత్తలేదేం?

నా స్లాబు పొద్దుటి నుంచి ఎండ తాగుతుంది. మధ్యాహ్నం మూడింటికి కాలిన గోడ ఆ వేడిని అప్పుడే ఇవ్వదు. తొమ్మిది అంగుళాల ఇటుక దాటి రావడానికి గంటలు పట్టి, సరిగ్గా మేం పక్కలు వేసుకునే వేళకు బట్వాడా చేస్తుంది. రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెడితే దించిన పెనంలా ఉంటుంది. కిటికీ అద్దం సంగతి సరేసరి. ఊరికే కూర్చున్న మనిషే సుమారు 100 వాట్ల వేడి వదులుతాడట, మేం నలుగురం. ఇందులో ఒక్కటైనా తమరి లెక్కలో ఉందా? పొడవు, వెడల్పు! అది టైల్స్ పరిచే లెక్క స్వామీ.

టన్నంటే సుమారు 907 కిలోల మంచు రోజంతా కరుగుతూ పీల్చుకునే వేడి. వినడానికి గంభీరంగానే ఉంది. కానీ ఆ టన్నును తూచేది బయట 35 డిగ్రీలున్నప్పుడు. మే నెలలో ఇక్కడ 35 అంటే టిఫిన్ వేళ. ఎండ ముదిరేకొద్దీ యంత్రం సత్తా తగ్గుతుంది, నా అవసరం పెరుగుతుంది.

ఇక మర్యాద నా వల్ల కాదు. కింది ఫ్లాటు మావయ్యగారిదీ పదీ పన్నెండు గదే. ఆయనకూ నువ్వు ఒక టన్నే చెప్పావు. ఆయన స్లాబు మీద నేనున్నాను. నా స్లాబు మీద సూర్యుడున్నాడు. ఈ తేడా తెలియని నువ్వు ఒక సూత్రానివా?

చాప చంకన పెట్టుకొని కిందికి దిగుతున్నాను. వస్తూ దుప్పటి కూడా తెచ్చుకోమన్నారు.