పాత బండిని కొలవాల్సింది పుట్టిన ఏడాదితోనా?

మా నాన్నగారు 1986లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్ మోటారు సైకిల్ ఇప్పటికీ మా ఇంటి వసారాలోనే ఉంది, వారానికి రెండు మూడుసార్లు రోడ్డెక్కుతుంది. సీ బుక్కు ప్రకారం దాని మొదటి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు నిండి 2001లో ముగిసింది. అప్పటి నుంచి ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయిస్తూ వస్తున్నాం. 2021లో చేయించినప్పుడు అందుకు కేంద్రం నిర్ణయించిన రుసుము 300 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి అది 1,000 అయింది. 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు 2,000 అయింది. గడువు దాటిపోతే నెలకు 300 చొప్పున అపరాధ రుసుము, దాని మీద రాష్ట్రం వసూలు చేసే గ్రీన్ ట్యాక్స్ అదనం.

నా అభ్యంతరం డబ్బు దగ్గర లేదు. కిందటిసారి రెన్యూవల్‌కు బండిని తీసుకెళ్లినప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చును సీ బుక్కుతో సరిచూశారు, లైటు వేయించారు, హారను కొట్టించారు, సంతకం పెట్టారు. డ్రమ్ములో బ్రేకు లైనింగ్ ఎంత మిగిలిందో, ముందు ఫోర్కుల నుంచి ఆయిల్ కారుతోందో లేదో, సైలెన్సర్ పొగ ఏ రంగులో ఉందో ఎవరూ చూడలేదు. బండి ఎలా ఉందో తేల్చాల్సిన చోట అది ఎప్పుడు పుట్టిందో తేల్చి ఊరుకున్నారు. ఆ అధికారిని తప్పుపట్టి లాభం లేదు, ఎందుకంటే మన విధానమే అలా ఉంది. ఏటా విప్పి, శుభ్రం చేసి, అరిగిన ముక్కను మార్చి నడుపుకునే బండినీ, బ్రేకులు పడక, పొగలు చిమ్ముతూ తిరిగే బండినీ తయారైన ఏడాది ఒకటే అయితే చాలు, ఆ విధానం ఒకే గాటన కట్టేస్తోంది.

పాత బండ్ల వారసత్వాన్ని ప్రభుత్వం అసలు గుర్తించలేదని అనలేం. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర వాహనాలనూ కార్లనూ వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, రెన్యూవల్‌కు 5,000, గడువు పదేళ్లు. అయితే ఆ బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రమే రోడ్డు మీదికి తీయాలి. కూరగాయలకు వెళ్లకూడదు, ఆఫీసుకు వెళ్లకూడదు. విదేశీ కార్లను షెడ్డుల్లో దాచుకున్న సంపన్న సేకర్తలకు ఈ ఏర్పాటు సరిపోతుంది. మన ఊళ్లలో పాత బండి బతుకుతున్న తీరుకూ దీనికీ పొంతన లేదు.

ఆ 50 ఏళ్ల గీత ఎవరిని బయట పెడుతోందో చూడండి. టీవీఎస్ 50 వచ్చింది 1980లో. యమహా ఆర్ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100 వచ్చింది 1985లో. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు తీసి, 1996లో మూతపడింది. అంటే యెజ్డీ పేరున్న బండ్లలో అత్యధికం ఆ గీతకు ఇవతలే ఉన్నాయి. మధ్యతరగతి తెలుగు ఇంటిని సైకిల్ మీద నుంచి మోటారు మీదికి ఎక్కించిన బండ్లలో చాలావాటికి ఇంకా వింటేజ్ గౌరవం దక్కదు, మామూలు బండిగా బతకాలంటే ఐదేళ్లకోసారి ఆ పెరిగిన రుసుము తప్పదు. 15 ఏళ్లకూ 50 ఏళ్లకూ మధ్యనున్న ఆ ముప్పయ్యైదేళ్ల కాలాన్ని గురించి చట్టానికి రుసుము తప్ప మరో ఆలోచన ఉన్నట్టు కనిపించదు.

ఈ చర్చలో అందరూ మరచిపోయేది మోపెడ్. మోటారు, పెడలు అన్న రెండు మాటలు అతికితే పుట్టిన పేరది. 1972లో వచ్చిన కైనెటిక్ లూనా మొదట్లో నిజంగానే పెడల్ తొక్కి స్టార్ట్ చేసే బండి. ఇంజను మొరాయిస్తే సైకిల్‌లా తొక్కుకుంటూ ఇంటికి చేరిన వాళ్లు మా వీధిలోనే ఉన్నారు. తర్వాత హోసూరు నుంచి టీవీఎస్ 50, దాని వెనుకే ఎక్సెల్ వచ్చాయి. గేరు మార్చే పని లేదు, క్లచ్చు పట్టే పని లేదు, కాళ్ల మధ్య ఖాళీ చోటు ఉంటుంది. ఆ ఖాళీ చోటే దాని గొప్పతనం. డెల్టా గ్రామాల్లో తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడితే ఆ చోటులో పాల క్యాను, మందు కొట్టే స్ప్రేయర్, సిమెంటు బస్తా, కొబ్బరి గెలలు, వెనక సీటు మీద గడ్డిమోపు కనిపిస్తాయి. మోపును రెండు వైపులా సమంగా తూగేట్టు కట్టి, తాను సీటు అంచున కూర్చుని, గట్టు మీద ఆ బండిని నిలకడగా నడిపించే రైతు నైపుణ్యం ఏ రేసు నడిపేవాడికీ తీసిపోదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. పత్రికల ముఖచిత్రాలకు బుల్లెట్టు ఎక్కుతుంది గానీ ఎక్సెల్ ఎక్కదు.

ఇక్కడ మరో మాట కూడా చెప్పుకోవాలి. 16 ఏళ్లు నిండినవారు 50 సీసీ లోపు గేరులేని బండిని లైసెన్సుతో నడపవచ్చని మోటారు వాహనాల చట్టం ఇప్పటికీ చెబుతోంది. ఆ కొలతకు సరిపోయే పెట్రోలు మోపెడ్ మాత్రం షోరూములో లేదు. 2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఇంజను 99.7 సీసీ. బండి వెళ్లిపోయింది, దానికోసం రాసిన సెక్షన్ మిగిలింది.

ఇలాంటి మోపెడ్ పాతదైతే సెకండ్ హ్యాండ్‌లో కొన్ని వేల రూపాయలు పలుకుతుంది. దాని రెన్యూవల్‌కు 2,000, గ్రీన్ ట్యాక్స్, 75 సీసీ లోపు బండికి ఏటా 538 రూపాయల థర్డ్ పార్టీ బీమా, ఆఫీసు చుట్టూ తిరగడానికి పోయే రెండు రోజుల కూలి కలిపితే యజమాని ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు. రెన్యూవల్ మానేస్తాడు. బండిని మాత్రం మానడు, పొలం దారుల్లో నడుపుకుంటూనే ఉంటాడు. మా చుట్టుపక్కల నాకు తెలిసిన వాళ్లలో ఎక్కువమంది చేస్తున్నది ఇదే. రిజిస్ట్రేషన్ లేని బండికి బీమా ఉండదు, కాలుష్య పరీక్ష ఉండదు, దాని కింద ఎవరైనా పడితే బీమా కంపెనీ నుంచి పరిహారం రాబట్టే దారి కూడా ఉండదు. పాత బండిని రోడ్డు మీది నుంచి తప్పించాలని పెంచిన రుసుము దాన్ని చట్టం కంటి నుంచి తప్పిస్తోంది.

కాలుష్యం మాటేమిటని అడగడం న్యాయమే, ఆ ప్రశ్నకు పాత బండ్ల ప్రేమికులు తడబడకుండా జవాబు చెప్పాలి. టూ స్ట్రోక్ ఇంజనులో కాలిన వాయువును బయటికి నెట్టేది లోపలికి వచ్చే తాజా మిశ్రమమే, కాబట్టి కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ గుండా పోతుంది. పెట్రోలుతో పాటు కలిపిన టూటీ ఆయిల్ కూడా కాలుతుంది. ఎంత మక్కువ ఉన్నా మా యెజ్డీ ఈ విషయంలో నేటి బీఎస్-6 బండికి సాటి రాదు. కానీ దీన్ని కొలిచే సాధనం మన దగ్గర లేకపోలేదు. 2000 సంవత్సరానికి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం మించకూడదన్న పరిమితి ఎప్పటి నుంచో ఉంది, ఆరు నెలలకోసారి ఆ పరీక్ష చేయించాలి. గొట్టాన్ని సైలెన్సర్‌లో సరిగా పెట్టకుండానే సర్టిఫికెట్ చేతిలో పెట్టే రోడ్డు పక్క వ్యాన్లను మనమందరం చూశాం. మసి పట్టిన సైలెన్సర్‌ను కాల్చి శుభ్రం చేసి, రింగులు మార్చి, ఆయిల్ కొలిచి పోసిన బండికీ, ఆ పనులేవీ చేయని బండికీ పొగలో ఎంత తేడా ఉంటుందో వెనకాల వచ్చేవాడికి కళ్లు మండినప్పుడే తెలుస్తుంది. ఆ పరీక్షను నిక్కచ్చిగా చేయండి, పరిమితిని కావాలంటే ఇంకా బిగించండి. తప్పిన బండిని ఆపేయండి, నాదైనా సరే.

మనం సరిగా చూసుకుంటే చాలదు, ఇంధనం కూడా అనుకూలించాలి. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకుల్లోకి వచ్చి, 2025 నాటికి దేశమంతటా అదే మామూలు పెట్రోలైంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. ఒక వానాకాలంలో ఊళ్లో లేక రెండు నెలలు బండిని కదిలించలేదు. తిరిగొచ్చి ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాలేదు. కార్బ్యురేటర్ విప్పితే అడుగు గిన్నెలో నీటి చుక్కలు ముత్యాల్లా దొర్లుతున్నాయి, గోడలకు తెల్లటి సున్నంలాంటి పొర పట్టి ఉంది, సూది మొనంత రంధ్రమున్న చిన్న జెట్టు పూర్తిగా పూడుకుపోయింది. పెట్రోలు పైపును వేళ్ల మధ్య వంచితే పటుక్కున పగిలింది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అదేమంత ఖర్చుతో కూడిన పని కాదని పెట్రోలియం శాఖ చెప్పింది. రైతు ఇథనాల్‌తో నాలుగు రూపాయలు సంపాదించడం నాకూ సంతోషమే. కానీ పాత బండ్లు కోట్లలో ఉన్న దేశంలో ఒక్కో పట్టణానికి కనీసం ఒక్క బంకులోనైనా తక్కువ ఇథనాల్ ఉన్న పెట్రోలును అందుబాటు ధరకు ఉంచమని కోరడం అత్యాశ కాదు.

ఇప్పుడు పాత రూపంలో కొత్త బండ్లు బాగా అమ్ముడవుతున్నాయి. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో తిరిగొచ్చాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇప్పటి ఇంజను 349 సీసీ, 20 హార్స్‌పవర్. బటన్ నొక్కితే స్టార్టవుతుంది, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది, ఆయిల్ మరకలు లేవు. మా తమ్ముడి దగ్గర ఒకటుంది, దూర ప్రయాణాలకు నేనూ అదే అడిగి తీసుకెళ్తాను. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేయడం ఎందరి ప్రాణాలో కాపాడే నిర్ణయం; డ్రమ్ బ్రేకులతో, 6 వోల్టుల మసక లైటుతో యెజ్డీని రాత్రి వేళ హైవే ఎక్కించకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

అయినా మా యెజ్డీ, తమ్ముడి క్లాసిక్ పక్కపక్కన ఉన్నప్పుడు నన్ను వేధించే ప్రశ్న ఒకటుంది: ఆ కొత్తది కూడా ఇన్నేళ్లు బతుకుతుందా? పాత బుల్లెట్టును కిక్ కొట్టడం ఒక విద్య: అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా నొక్కి, సిలిండరులో ఒత్తిడిని వదిలించే డీకంప్రెసర్ లివరు పట్టి ఇంకాస్త దించి, వదిలి, అప్పుడు బరువంతా వేసి కొట్టాలి. యెజ్డీకి గేరు లివరూ కిక్కూ ఒకటే. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, ముందుకు వాల్చితే గేరు. ఈ బండ్లు తమ లోపలి పనిని దాచుకోలేదు, కాబట్టే ఊరి మెకానిక్ వాటిని నేర్చుకోగలిగాడు. మా షెడ్డు మేస్త్రి దగ్గర యెజ్డీ ఫ్లైవీలు ఊడదీసే పుల్లర్ ఒకటుంది, అది ఆయన లేత్ షాపులో దగ్గరుండి చేయించుకున్నది. పాయింట్ల మధ్య సందును కంటితో చూసి, ఇంజను శబ్దం విని సరిచేస్తాడు. దొరకని బుష్షును తిప్పించుకుంటాడు, దొరికేదాని కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ దాకా మనిషిని పంపుతాడు. 1996లో కర్మాగారం మూతపడ్డ బండి ఇంకా నడుస్తోందంటే ఇలాంటి చేతుల వల్లే.

2020 నుంచి ఎక్సెల్ 100కు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. దాని వల్ల పొగ తగ్గింది, అది మంచిదే. కానీ హెచ్చరిక దీపం వెలిగితే కంపెనీ స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి. రైతు మోపెడ్‌కూ ఇప్పుడు కంప్యూటర్ వైద్యం కావాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించి, అందులో వాహన రంగాన్నీ చేర్చింది. మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు అందరికీ తెలియాలన్నది దాని ఉద్దేశం. అది స్వచ్ఛందంగా ఇచ్చే సమాచారంతో ఆగిపోకూడదు. లోపాల కోడ్‌లు చదివే పరికరం, సర్క్యూట్ చిత్రం, మోడల్ ఆగిపోయిన తర్వాత కూడా నిర్ణీత కాలం విడిభాగాలు దొరుకుతాయన్న హామీ ఊరి మెకానిక్‌కు చట్టబద్ధంగా దక్కితే తప్ప ఈ రోజు షోరూము నుంచి వచ్చే క్లాసిక్ నలభై ఏళ్ల తర్వాత క్లాసిక్‌గా మిగలదు. వయసును బట్టి రుసుము పెంచే ప్రభుత్వం, వయసు మీదపడేదాకా బండి బతికే ఏర్పాటును తయారీదారుల నుంచి రాబట్టడం లేదు.

అడుగుతున్నది పెద్ద సంస్కరణేమీ కాదు. 15 ఏళ్లు దాటిన బండికి రెన్యూవల్ సమయంలో బ్రేకులు, ఫోర్కులు, చక్రాల బేరింగులు, లైటు, పొగ నిజంగా పరీక్షించాలి. ఆ పరీక్షకు అయ్యే ఖర్చును రుసుముగా తీసుకోవాలి. నెగ్గిన బండికి వయసు పేరిట అదనపు భారం ఉండకూడదు. 50 ఏళ్ల వింటేజ్ గీతను 30కి దించి, నెలకు కొన్ని రోజులు మామూలు పనికి వాడుకునే వీలివ్వాలి. మండల కేంద్రానికి ఏడాదికి రెండుసార్లు పరీక్షా శిబిరం వస్తే మోపెడ్ రైతు కూలి పోగొట్టుకోకుండా బండిని చట్టం లోపలికి తెచ్చుకుంటాడు.

మా యెజ్డీ గడువు 2026లో మళ్లీ వచ్చింది. వెళ్లేముందు మేస్త్రి రెండు చక్రాలూ విప్పి కొత్త లైనింగులు వేశాడు, వెనక డ్రమ్మును లేత్ మీద పలుచగా తిప్పించాడు, ఫోర్కు సీళ్లు మార్చాడు. అరిగి గాజు పెంకులా మెరుస్తున్న పాత లైనింగులను పారేయకుండా వార్తాపత్రికలో చుట్టి బండి పక్క పెట్టెలో ఉంచాను. ఈసారి బ్రేకుల సంగతి ఎవరైనా అడిగితే వాటిని తీసి చూపిస్తాను.