లిహిర్ బంగారం బకెట్లతో తోడేది కాదు

పాపువా న్యూగినీలోని లిహిర్ దీవి గురించి ఒకటే మెసేజ్ ప్రతి గ్రూపులోనూ తిరుగుతోంది. అక్కడి అగ్నిపర్వతం ఏటా 24 కిలోల బంగారాన్ని వేడినీళ్లతో పైకి తోస్తోందట, జనం బకెట్లతో తోడుకుంటున్నారట, గనీ లేదు, వ్యర్థమూ లేదట, ఇక బంగారం ధర కుప్పకూలుతుందట.

24 కిలోల మాట నిజమే, ఒప్పుకుంటాను. 2006లో వెలువడిన పరిశోధన చెప్పిందే అది. కానీ ఆ నీళ్లు ఉన్నది కిలోమీటరు లోతున. టన్ను నీటిలో బంగారం 15 మిల్లీగ్రాములు. పది గ్రాముల తులానికి 12 వేల లీటర్ల ట్యాంకర్లు 56 కావాలి! అదీ పైదాకా రాదు. నీరు పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి మరుగుతుంది. బంగారాన్ని కరిగించి ఉంచిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఆవిరితో పాటే పోతుంది, బంగారం దారిలోనే రాతిలో దిగబడిపోతుంది. బకెట్‌లో పడేది ఉడుకునీళ్లే.

ధర సంగతా? ప్రపంచంలోని గనులన్నీ కలిపి ఏటా 3 వేల టన్నులకు పైగా తీస్తున్నాయి. అందులో 24 కిలోలు ఏ మూలకు?

అసలు ఒళ్లు మండించేది "గని లేదు, వ్యర్థం లేదు" అన్న మాట. నిక్షేపం 1982లో బయటపడింది, 1997 నుంచి అక్కడ ఓపెన్ కాస్ట్ గని (నేలను పైనుంచే గొయ్యిగా తవ్వే గని) నడుస్తోంది. దానికోసం పుట్‌పుట్, కపిట్ ఊళ్లను కదిలించారు. రాయి ఎంత వేడిగా ఉంటుందంటే, పేలుడు మందు నింపిన రంధ్రం ముందే పేలే ప్రమాదం ఉంటుంది. బంగారం పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం లోపల చిక్కుకుని ఉంటుంది కాబట్టి కడిగితే రాదు, బంగారాన్ని కరిగించే సైనైడ్‌ను నేరుగా పోసినా సరిగా రాదు. ముందు రాయిని పిండి చేయాలి. నీళ్లు కలిపిన ఆ బురదను ఆటోక్లేవ్ అనే బిగించిన పాత్రలో సుమారు 200 డిగ్రీల వేడిలో, ఒత్తిడితో ఆక్సిజన్ పంపి పైరైట్‌ను విడగొట్టాలి. అప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని కడిగి, సున్నంతో చంపాకే సైనైడ్ కలపాలి. ఆమ్లం మిగిలి ఉంటే సైనైడ్ విషవాయువై లేస్తుంది.

బంగారం తీశాక మిగిలిన బురదను పైపులో సముద్రంలోకి, వంద మీటర్లకు మించిన లోతున వదులుతారు. పనికిరాని రాతిని బార్జీల్లో తీసుకెళ్లి సముద్రంలోనే పోస్తారు. ఆ బురద అడుగున పరుచుకుని అక్కడ బతికే జీవుల్ని కప్పేస్తుంది. నిటారు కొండలు, కుండపోత వానలు, భూకంపాలు ఉన్న దీవిలో ఆ బురదను నిల్వ చేయడానికి నేలమీద డ్యామ్ కట్టినా ముప్పే, అదీ నిజమే. అంతమాత్రాన ఆ వ్యర్థాన్ని లేదని ఎలా రాస్తారు?