చేప పిత్తం మింగమనే ఆ మెసేజ్ గురించి

చెరువులు మత్తడి దూకడం మొదలైతే చాలు, ఆ మెసేజ్ మళ్లీ లేస్తుంది. ఈసారి టెన్త్ బ్యాచ్ గ్రూపులో, కాలనీ గ్రూపులో, ఆఖరికి మా మేనమామ విడిగా నాకే పంపాడు. అందులో ఉన్నది ఇదీ: "ల్యాబుల్లో వాడే సోడియం డీఆక్సీకోలేట్ కెమికల్ కాదు, పైత్యరసంలోని లవణం. ప్రకృతి ఇచ్చిన సబ్బు. ఏ క్రిమినైనా చంపుతుంది. కొవ్వును కరిగిస్తుంది కాబట్టే అమెరికాలో ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. పెద్ద రవ్వ చేప పిత్తం పచ్చిగా మింగితే అదే ఫలితం, షుగర్ కూడా దిగుతుంది. కంపెనీలు దాచిన రహస్యం!" నేను హన్మకొండలో ల్యాబ్ పని చేసేవాణ్ణి కాబట్టి "నిజమేనా అన్నా" అని నన్నే అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకేసారి చెప్తున్నా.

రహస్యం సంగతి ముందు తేల్చేద్దాం. పైత్యరస ఆమ్లాల మీద చేసిన పనికే హైన్‌రిష్ వీలాండ్‌కు 1927 సంవత్సరపు కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. దాచిపెట్టడానికి భలే చోటు చూసుకున్నారు.

సహజం అన్న మాట నిజమే. పశువుల పైత్యరసంలో దొరికే ఆమ్లాల నుంచే దీన్ని తయారుచేస్తారు. మన పేగుల్లో అయితే బ్యాక్టీరియా చేసిపెడుతుంది. అయితే ఏంటట? తేలు విషమూ సహజమే. తూచేటప్పుడు ఆ తెల్లపొడి కాస్త ఎగిరినా ముక్కు మండిపోతుంది, మాస్కు లేకుండా డబ్బా తెరవం. ద్రావణానికి ఆమ్లం తగిలితే జిగురులా గడ్డకడుతుంది, అందుకే పీహెచ్ 8 దగ్గర, అంటే కాస్త క్షారంగా ఉంచుతాం.

ఏ క్రిమినైనా చంపుతుందట! రాసినాయన ల్యాబ్ గడప తొక్కలేదని ఇక్కడే తెలిసిపోయింది. క్రిములను పెంచి చూడటానికి మేం రోజూ పోసే మకాంకీ ప్లేట్లలో లీటరుకు గ్రామున్నర దాకా బైల్ సాల్ట్స్, అంటే ఈ పైత్యరస లవణాలే పడతాయి. చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ లాంటివి అందులో పెరగలేవు. ఈ-కోలై మాత్రం తెల్లారేసరికి గులాబీ రంగు చుక్కలుగా ప్లేటంతా పరుచుకుంటుంది. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా కూడా హాయిగా పెరుగుతుంది, కాకపోతే రంగు లేకుండా. పేగుల్లో బతికే జాతికి పైత్యరసం అలవాటే మరి. అంటే దీంతో చేతులు కడుక్కుంటే, విరేచనాలు తెచ్చేవాటిని జాగ్రత్తగా మిగుల్చుకున్నట్టు.

అసలు ఇది చేసే పని కణం పొరను చీల్చడం. అర శాతం ద్రావణం ఒక చుక్క స్లయిడ్ మీద వేసి, ప్లేటు మీద పెరిగిన కలరా క్రిముల చుక్కను అందులో కలిపితే నిమిషంలోపే మబ్బుగా ఉన్నది తేటపడి చిక్కబడుతుంది. కలిపిన పుల్లను (లూప్) పైకెత్తితే సన్నని తీగలా సాగుతూ వస్తుంది. ఆ తీగ, పగిలిన కణాల్లోంచి బయటపడ్డ డీఎన్ఏ. ప్రోటీన్ల మీద పనిచేసేవాళ్లు కణాలను పగలగొట్టడానికి వాడే రిపా బఫర్‌లోనూ ఇది మామూలుగా అర శాతం ఉంటుంది. దీని అణువులు చిన్న చిన్న గుంపులుగానే చేరతాయి కాబట్టి, పనయ్యాక సన్న రంధ్రాలుండే డయాలసిస్ సంచిలో పెట్టి తీసెయ్యడమూ తేలిక. ట్రైటాన్ లాంటి ల్యాబ్ డిటర్జెంట్లు అంత తొందరగా వదలవు.

కాబట్టి "కొవ్వును కరిగిస్తుంది" అన్నది సగం మాట. అది కొవ్వును వెతుక్కుంటూ పోదు, ఏ కణం తగిలితే దాని పొర చీలుస్తుంది. ఆ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2015లో అనుమతి ఇచ్చింది గదవ కింది కొవ్వుకు మాత్రమే. అదీ మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందును, సెంటీమీటరు ఎడంలో చుక్క చుక్కగా పొడుస్తారు. చోటు తప్పితే దవడ పక్కన నరం దెబ్బతిని నవ్వు వంకర పోవచ్చు, చర్మం పుండు పడవచ్చు. "ల్యాబ్ పౌడర్ ఎంతకొస్తదన్నా" అని అడిగిన తమ్ముడూ, పొట్ట తగ్గించుకోవడానికి పొద్దున భద్రకాళి బండ్ మీద నడువు, చాలు.

ఇక్కడ మెసేజ్ రాసినాయనకు ఒక మార్కు ఇవ్వాల్సిందే. "ల్యాబ్ కెమికల్ ఒంట్లోకి ఎలా ఎక్కిస్తారు" అని గ్రూపులో ఎగిరినవాళ్లదీ తప్పే. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు అందరూ వెతికిన ఆంఫోటెరిసిన్‌లో పాతరకం సీసా చూడండి, 50 మిల్లీగ్రాముల మందుకు 41 మిల్లీగ్రాముల సోడియం డీఆక్సీకోలేట్ ఉంటుంది. నీళ్లలో కరగని ఆ మందును కరిగించేది ఇదే. రక్తనాళంలోకే ఎక్కిస్తారు, కాకపోతే ఆసుపత్రిలో, గంటల తరబడి, మెల్లగా, కిడ్నీ పరీక్షలు చేస్తూ.

ఇక చేప పిత్తం. మిగతావన్నీ నవ్వి వదిలెయ్యొచ్చు, దీన్ని వదల్లేను. రవ్వ, బొచ్చె, బంగారు తీగ, మన చెరువుల్లో పెంచేవి ఎక్కువగా కార్ప్ జాతివే. వాటి పిత్తంలో ప్రధానంగా ఉండేది డీఆక్సీకోలేట్ కానే కాదు, సిప్రినాల్ సల్ఫేట్ అనే విషం. ఉడికించినా పోదు, సారాలో కలిపినా పోదు. చేప ఎంత పెద్దదైతే పిత్తం అంత ఎక్కువ, విషమూ అంతే. "పెద్ద రవ్వ" అని ఏరికోరి రాసిన మహానుభావుడికి దండం.

మింగిన కొన్ని గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు. ఒకట్రెండు రోజుల్లో అవి తగ్గుతాయి. "లోపలి చెడంతా కడుక్కుపోయింది" అని సంబరపడేది అప్పుడే. ఆ సమయంలోనే కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి, మూత్రం తగ్గిపోతుంది, ముఖం ఉబ్బుతుంది. కొందరిలో కాలేయం కూడా దెబ్బతింటుంది. మన దేశంలోనూ, చైనాలోనూ ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. చాలామంది డయాలసిస్‌తో కోలుకున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. షుగర్ అంటారా? రెండు రోజులు వాంతులతో అన్నం ముట్టకపోతే దిగినట్టు కనిపించొచ్చు, దానికి చేపను చంపడం దేనికి?

చేపలు కోసే అక్క ఆ ఆకుపచ్చ తిత్తిని పగలకుండా తీసి పారేస్తుంది కదా, పారెయ్యనివ్వండి. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే మింగి ఉంటే, వాంతులు తగ్గాయని ఆగకుండా ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చేప పిత్తం మింగిన సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మొదటిరోజు నార్మల్ వచ్చినా, తర్వాతి రోజుల్లో మళ్లీ చేయించండి.