తొమ్మిది బెజ్జాల మోటారు గారికి

మహారాజశ్రీ సర్వో మోటారు గారికి,

ఉభయకుశలోపరి. తమరు నా మోకాలికి జానెడు దూరంలో, నా బూట్లు కుట్టే మిషన్‌ని తిప్పడానికని, దాని బల్లకింద మూడు బోల్టుల మీద క్షేమంగా వేలాడుతున్నారు. కళ్ళారా చూస్తూనే ఉన్నాను. నా క్షేమం సంగతి మాత్రం అడక్కండి. నిన్న పైటాల నుంచి అంగట్లో తలెత్తుకోలేకుండా ఉన్నాను.

ఏం జరిగిందో తమరికి తెలియనిది కాదు. అయినా రాసి పెడుతున్నాను. రేపు వారంటీ వాళ్ళు ఫోనెత్తితే చదివి వినిపించాలి కదా. (ఎత్తరు. అది వేరే సంగతి.)

రిటైరైన డ్రిల్లు మాస్టారి బూట్లు. ఉద్యోగంలో ఉండగా మద్రాసులో కొనుక్కున్నవి. వాటికి సోలు రెండుసార్లు మా నాన్నే మార్చాడు. పైతోలు ఇప్పటికీ గుడ్డ పెట్టి తుడిస్తే మొహం కనపడుతుంది. ఎడమకాలి బూటుకి ముక్కు పక్కన కుట్టు ఊడింది. పట్టుమని పది కుట్ల పని. "కూర్చోండి సార్, రెండు నిమిషాలు" అన్నాను. తమరిని చూసుకునే ఆ మాట అన్నాను.

పెడల్ మీద కాలు ఆనీ ఆనకుండా పెట్టాను. తమరు కదల్లేదు. సూది మొన తోలు మీద ఈగ వాలినట్టు వాలి ఆగిపోయింది. ఇంకాస్త నొక్కాను. లోపలెక్కడో మూలిగారు. ఇంకో వెంట్రుకవాసి నొక్కాను. అంతే, పలుపు తెంచుకున్న దూడ అయిపోయారు. నేను కాలు తీసేలోపు తొమ్మిది బెజ్జాలు. రెండు కుట్టు గీత మీద పడ్డాయి. మిగతా ఏడూ గీత దాటి, బూటు ముక్కు మీదికి, ఆ నున్నటి తోలులోకి, కోడిపిల్ల బురదలో నడిచినట్టు పోయాయి. ఆఖరి బెజ్జంలో సూది విరిగింది.

మాస్టారు బూటు చేతిలోకి తీసుకున్నారు. నుదుటి మీదున్న అద్దాలు ముక్కు మీదికి దించి, ఒక్కో బెజ్జం మీద గోరు పెట్టి, పిల్లలకి హాజరు వేసినట్టు లెక్కపెట్టారు. "తొమ్మిది" అన్నారు. కాసేపాగి, "గాలాడుద్దిలే అబ్బయా, ఎండాకాలం గదా" అన్నారు. దానికన్నా రెండు తిట్టి ఉంటే బాగుండేది.

గుడ్డ కుట్టేవాళ్ళకి ఈ బాధ తెలియదు. గుడ్డ సూది పోగుల్ని పక్కకి జరుపుకుని దిగుతుంది. తప్పు పడితే ఊడదీసి, గోటితో రుద్ది, కాస్త నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తే పోగులు మళ్ళీ దగ్గరికి వచ్చేస్తాయి. తోలు సూది మొన అలా కాదు, అది సన్నటి ఉలి. కోసుకుంటూ దిగుతుంది. దారి తప్పి పడిన బెజ్జం ఆ బూటు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. పాలిష్ పూస్తే ఇంకా బాగా కనపడుతుంది. అందుకే మా పనిలో ముందు కన్ను ఆగుతుంది, తర్వాత చెయ్యి ఆగుతుంది, ఆ తర్వాతే సూది దిగుతుంది.

తమరి డబ్బా మీద ఏమని రాసుంది? నిమిషానికి 4,500 చుట్లు అని. పక్కన మెరుపు బొమ్మ ఒకటి. అయ్యా, నేను కుట్టేది బూటు. నిమిషానికి నూరు కుట్లు పడితే నాకు మహాప్రసాదం. ముక్కు దగ్గర వంపు తిరిగేచోట పది పడినా చాలు. నాకు కావలసింది నిదానం. ఉత్త నిదానం కూడా కాదు, బలమున్న నిదానం. మూడు పొరల తోలులోకి సూది దిగేటప్పుడు తొణకకుండా దిగాలి, నేను ఆపిన చోట ఆగాలి. తమరికి నిదానంగా ఉన్నప్పుడు బలం ఉండదు, బలం వచ్చేసరికి నిదానం ఉండదు. బడ్జెట్టు మీటింగులో మా ఇల్లు కూడా ఇంతే అనుకోండి. కాని అప్పుడు ఎవరి చేతిలోనూ సూది ఉండదు.

స్పీడు తగ్గించే బటన్ ఉంది కదా అంటారు. ఉంది, నొక్కాను. 200కి దించాను. సూది సగం దాకా తోలులోకి దిగి, బురదలో దిగబడిన బండిలా అక్కడే నిలబడిపోయింది. డబ్బా మీద ఎర్ర అక్షరం ఒకటి వెలిగింది. దాని అర్థం పుస్తకంలో చూద్దామంటే పుస్తకం చైనా భాషలో ఉంది. వెనక పేజీల్లో ఇంగ్లీషు కూడా ఉంది గాని, దానికన్నా చైనా భాషే నయం. ఇక యూట్యూబులో తమరిని ఆకాశానికెత్తిన పెద్దమనిషి కుట్టి చూపించింది రెక్సిన్ పర్సు. ఆ సంగతి కొన్న తర్వాత గాని నేను గమనించలేదు. ఆ తప్పు నాది.

పాత క్లచ్ మోటారు గుర్తొస్తోంది. పొద్దున స్విచ్చి వేసిన దగ్గర్నుంచి, కుట్టినా కుట్టకపోయినా, నిమిషానికి 2,800 పైచిలుకు చుట్లు తిరుగుతూ, పెళ్ళి వంటల దగ్గర కుర్చీ వేసుకున్న పెద్దాయనలా గొణుగుతూనే ఉండేది. దానితోపాటే కరెంటు మీటరూ తిరిగేది. కాని లోపల ఎప్పుడూ తిరిగే బరువైన చక్రం ఉంది కాబట్టి అడిగిన వెంటనే బలం ఇచ్చేది. క్లచ్ ప్లేటుని కాలివేళ్ళతో ఒరిపిస్తూ దాన్నుంచి నిదానం రాబట్టుకోవాలి. అదొక విద్య, నాకు ఆరేళ్ళు పట్టింది. తమరు వస్తున్నారని ఆ మోటారుని, ఆ ఆరేళ్ళ విద్యనీ కలిపి పాత ఇనుము లెక్కన కిలోల్లో అమ్మేశాను.

తమరిని తేవడానికి మా ఆవిడ పొదుపు గ్రూపులో అప్పు తీసింది. నేను మద్రాసులో పెరియమేట్ దాకా పోయి తెచ్చాను. వచ్చేటప్పుడు పినాకిని రైల్లో తమరికి సీటిచ్చి గూడూరు దాకా నిలబడ్డాను. పోయినేడు మా నెల్లూరు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి, వ్యాపారం బాగుండాలని వ్యాపారం రొట్టె తీసుకున్నాను. కోరిక తీరినవాడు మళ్ళీ వచ్చి, అదే రొట్టె ఇంకొకరి చేతిలో పెట్టాలి కదా. ఈ ఏడు నేను ఏ మొహం పెట్టుకుని ఆ నీళ్ళలో నిలబడాలి? నా రొట్టె తీసుకున్నవాడికి తమరిలాంటి మోటారే దొరికితే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది?

అసలు బాధ ఏమిటంటే, తమరి వంశం చిన్నది కాదు. 1846లో ఎలియాస్ హౌ పేటెంటు తీసుకున్న మిషన్‌లో సూదికి కన్ను మొన దగ్గర ఉంది. చేతి సూదికి కన్ను తోక దగ్గర ఉంటుంది. అది మొనకి దిగింది కాబట్టే పైదారం తోలు అడుగుకి పోయి ఉచ్చు పడగలిగింది, అడుగున షటిల్ మోసుకొచ్చే రెండో దారం అందులోంచి దూరగలిగింది. 1858లో లైమన్ బ్లేక్ అని, బూట్ల పనివాడే, బూటు లోపలికి కొమ్ములాంటి ఇనుప చెయ్యి దూర్చి సోలుని పైతోలుకి కుట్టే మిషన్‌కి పేటెంటు తెచ్చుకున్నాడు. దాన్ని గోర్డన్ మెకే కొనుక్కుని, అమెరికా అంతర్యుద్ధంలో సైన్యం బూట్లు దాని మీద కుట్టించాడు. ఆ తర్వాత మిషన్లు అద్దెకిచ్చి జతకింత అని వసూలు చేసుకున్నాడు. వసూళ్ళలో ఈ రంగం ఏనాడూ వెనకబడలేదు.

నాకు అందరికన్నా ఇష్టమైనవాడు యాన్ మాట్జెలిగర్. సురినామ్‌లో పుట్టి, అమెరికాలో లిన్ అనే బూట్ల ఊరు చేరాడు. పాదం ఆకారంలో ఉండే అచ్చు మీద పైతోలుని లాగి, ముక్కు దగ్గర మడతలు సర్ది, బిగించి మేకు కొట్టే పని మనిషి వేళ్ళకి తప్ప ఇనుముకి రాదని అక్కడ అందరి ధీమా. ఆయన ఆ వేళ్ళు ఎలా కదులుతాయో చూశాడు. చూసి చూసి, ఆ కదలికల్నే ఇనుములో పెట్టాడు. 1883లో పేటెంటు వచ్చింది. చేత్తో రోజుకి 50 జతలయ్యే చోట మిషన్ మీద 150 నుంచి 700 దాకా అయ్యాయి. 1889లో క్షయతో పోయేనాటికి ఆయనకి 36 ఏళ్ళు.

అంతెందుకు, తమరిని తగిలించిన నా ప్యాచింగ్ మిషన్నే, అదే, బూట్లకి అతుకులేసే మిషన్నే చూడండి. గుడ్డ మిషన్‌లో లాగా కింద పళ్ళుండవు, పై పాదమే తోలుని పట్టుకుని జరుపుతుంది. ఆ పాదం ఎటు కావాలంటే అటు గుండ్రంగా తిరుగుతుంది. బూటు ముక్కులోకి చెయ్యి దూరినట్టు సన్నటి కొమ్ము దూరుతుంది. వందేళ్ళు దాటిన తెలివి అది. ఎవరో కూర్చుని, బూటు చేతిలో పట్టుకున్నవాడు దాన్ని ఎటు తిప్పుతాడో చూసి చేసినది.

మరి నిన్ను చేసినవాడు ఎవరి చెయ్యి చూశాడు? మా నాన్నది చూశాడా? అదుగో, మూలన కూర్చున్నాడు. చెప్పుని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, ఆరె, అంటే బెజ్జం పొడిచే ములికి, దించుతున్నాడు. మొన తోలుకి తగిలిన తర్వాత మణికట్టు కాస్త తిరుగుతుంది, చూడు. తొయ్యడం కనపడదు, దిగడమే కనపడుతుంది. ఆ బెజ్జంలోకే అటునుంచొక సూది, ఇటునుంచొక సూది. మైనం రాసిన దారం. ఒక పక్క దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. నీ కుట్టుకి ఒకచోట తెగితే చుట్టుపక్కల నాలుగు వదులైపోతాయి. డెబ్బై ఏళ్ళ మణికట్టుకి తెలిసిన పని, 550 వాట్ల నీకు తెలియదా? ఊరికే ఉరకడానికి మాకు మోటారెందుకు, అప్పెందుకు? తోలు పనివాడు ఎలా కుడతాడో ఒక్క పైటాల పక్కన కూర్చుని చూసే తీరిక నిన్ను అమ్మేవాడికి లేదు. షర్టులు కుట్టే మోటారునే తెచ్చి, డబ్బా మీద బూటు బొమ్మ అతికించి మా మొహాన కొట్టాడు. మేమూ కొన్నాం. అదీ నా కోపం.

ఇవాళ పొద్దున నిన్ను గోనెసంచిలో వేసుకుని ఆటోనగర్‌లో లేత్ పెట్టుకున్నాయన దగ్గరికి పోయాను. ఆయనది ఒంగోలు వైపు. నిన్ను బిగించి, తిప్పి, చక్రాన్ని అరచేత్తో పట్టి ఆపి చూశాడు.

"ఏందయ్యా ఇది, చేత్తో పట్టుకుంటే ఆగిపోతా ఉంది" అన్నాడు.

"స్పీడు పెంచితే ఆగదు" అన్నాను, నీ తరఫున.

"మా పక్క బండలాగుడు పందేలు చూశావా? గిత్తని ఉరికిస్తారా ఆడ? బండకి కట్టి లాగిస్తారు. దీనికి ఉరికేదొక్కటే తెలుసు. లాగేది నేర్పిద్దాం, కూచో."

ఒక ఇరుసు, రెండు బేరింగులు, ఒక పెద్ద పుల్లీ, ఒక చిన్నది, ఇంకో బెల్టు. నీ చిన్న పుల్లీ నుంచి ఆ పెద్దదానికి ఒక బెల్టు, అదే ఇరుసు మీదున్న చిన్నదాన్నుంచి మిషన్ చక్రానికి ఇంకో బెల్టు. నువ్వు ఇదివరకు ఒక చుట్టు తిరిగితే జరిగే పనికి ఇప్పుడు మూడు చుట్లు తిరగాలి. వేగం మూడో వంతుకి పడిపోయింది. బేరింగులు తినేది పోను, పట్టు దాదాపు మూడింతలైంది. నీకూ హాయే, నీకు చేతనైన వేగంలో నువ్వు తిరుగుతావు, నాకు కావలసిన నిదానం నాకు వస్తుంది. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. లేత్ ఆయన టీ తాగుతూ మధ్యాహ్నంలోపు చేసి ఇచ్చాడు. పదిహేను వందలు తీసుకున్నాడు. ఈ పుల్లీ నీ డబ్బాలోనే పడేసి ఇంకో రెండువేలు అడిగినా, నోరు మూసుకుని ఇచ్చేవాణ్ణి కదయ్యా.

సందకాడ బిగించి చూశాను. రెండు పొరల గేదె తోలు, దాని కింద సోలు ముక్క. 21 నంబరు సూది. పెడల్ ముట్టుకున్నాను. ముద్దపప్పులోకి వేలు దిగినట్టు దిగింది. ఒక కుట్టు. ఆపాను, ఆగింది. ఇంకో కుట్టు. ఆపాను, ఆగింది. నాన్న చేతిలో పని పక్కనపెట్టి వచ్చి, మిషన్ చక్రం మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కి పట్టాడు. ఆగలేదు. "ఇప్పుడు పట్టుంది" అని పోయి తన చోట కూర్చున్నాడు. ఒకటి ఒప్పుకుంటాను, నువ్వు గొణగవు. ఇన్నేళ్ళకి పక్క అంగట్లో వాళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో వినపడుతోంది.

ఇక మాస్టారి బూటు. కుట్టు గీత మీద పడిన రెండు బెజ్జాలూ కుట్టులో కలిసిపోయాయి. మిగిలిన ఏడింటినీ నాన్న దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. దొరల బూట్లలో బ్రోగ్ అని ఒక రకం ఉంది, ముక్కు మీద వరసగా బెజ్జాలు గుద్ది పువ్వులా తీరుస్తారు. నాన్నకి ఆ పేరు తెలియదు, ఫోన్‌లో బొమ్మ చూపించాను. పంచ్ తీసుకుని నీ ఏడు బెజ్జాల్నీ పెద్దవి చేసి, వాటికి ఎదురుగా ఇంకో ఏడు గుద్ది, మధ్యలో వంపు తీర్చాడు. తర్వాత ఏ తప్పూ చెయ్యని కుడికాలి బూటు తీసుకుని దానికీ పద్నాలుగు గుద్దాడు.

మాస్టారికి ఫోన్ చేసి, మోడల్ మార్చామని చెప్పాను. "డబ్బులెక్కువ అవుద్దా?" అని అడిగారు.

రేపు పైటాల వస్తారు. ఆయన అంగట్లో ఉన్నంతసేపూ నువ్వు నోరు తెరవొద్దు.

ఇట్లు,
పొదుపు గ్రూపులో నీ పేరు మీద ఇంకా ఏడు కంతులు బాకీ ఉన్నవాడు