మెడలో గడ్డకు, ఒంటి బరువుకు ఉన్న లంకె ఎంత?

"థైరాయిడ్ వచ్చింది, అందుకే లావయ్యాను" అన్న మాట మన ఇళ్లలో తరచూ వింటుంటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ థైరాయిడ్ హార్మోను తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 5 కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరే. ఇరవై కిలోలు పెరిగినవారు ఆ నెపమంతా మెడలోని చిన్న గ్రంథి మీద వేయడం కుదరదు. మనం అంతగా అడగని ప్రశ్న దీనికి తలకిందులుగా ఉంటుంది: పెరిగిన బరువే ఆ గ్రంథిని మార్చి, అందులో గడ్డలు పుట్టిస్తోందా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం ఉన్నట్టు తేలింది. దేశ సగటు 24 శాతం. థైరాయిడ్ గడ్డలు కూడా మగవారికంటే ఆడవారిలోనే చాలా ఎక్కువ కాబట్టి, ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు.

బరువు గ్రంథిని ఎలా తాకుతుందనే విషయంలో వైద్యులు ప్రధానంగా రెండు దారులు చెబుతారు. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను మెదడును ప్రేరేపించి, థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను అయిన టీఎస్‌హెచ్‌ను కాస్త పెంచుతుంది; గ్రంథి కణాలను పెరగమని పురమాయించేది ఆ టీఎస్‌హెచ్చే. ఇక నడుము చుట్టూ కొవ్వు పేరుకుని ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది, అది కూడా కణాల పెరుగుదలకు ఎరువు లాంటిదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ఊబకాయంతో సంబంధం ఉన్నట్టు తగిన ఆధారాలున్న 13 క్యాన్సర్లను ప్రకటించినప్పుడు, అందులో థైరాయిడ్ క్యాన్సర్ కూడా ఉంది. అయితే ముప్పు పెరగడం వేరు, లావుగా ఉన్న ప్రతివారి గడ్డా ప్రమాదకరం కావడం వేరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరో సంగతి. చేత్తో తడిమితే నూటికి నాలుగు నుంచి ఏడుగురిలో దొరికే గడ్డలు, అల్ట్రాసౌండ్‌తో వెతికితే 19 నుంచి 68 మందిలో కనిపిస్తాయి. బరువు ఎక్కువగా ఉన్నవారు షుగరనో, బీపీ అనో ఆసుపత్రి మెట్లు ఎక్కువసార్లు ఎక్కుతారు. హెల్త్ ప్యాకేజీలో మెడ స్కాన్ కూడా ఉంటే అదీ చేయించుకుంటారు. మెడకు చల్లని జెల్ రాసి, యంత్రం రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పాక, "కుడివైపు 6 మిల్లీమీటర్ల గడ్డ" అన్న ఒక్క వాక్యం చేతికొస్తుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. సెంటీమీటరు కూడా లేని గడ్డకు సాధారణంగా సూది పరీక్ష సైతం అక్కర్లేదని ఆ కాగితం చెప్పదు. కాబట్టి లావుకూ గడ్డకూ కనిపించే సంబంధంలో కొంత వాటా శరీరానిది కాదు, వెతుకులాటదేనని నా అనుమానం.

వెతుకులాట ఎంత దూరం పోగలదో దక్షిణ కొరియా చూపించింది. 1999లో అక్కడ మొదలైన ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షల పథకంలో థైరాయిడ్ లేకపోయినా, చాలా ఆసుపత్రులు కొద్దిపాటి అదనపు రుసుముతో మెడ స్కాన్‌ను జోడించాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాల రేటు మాత్రం దాదాపు కదలలేదు. వేలమంది గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రల మీద ఆధారపడ్డారు.

అందువల్ల కేవలం బరువు ఎక్కువగా ఉందన్న కారణంతో మెడ స్కాన్ చేయించడాన్ని నేను సమర్థించను. మెడలో కంటికి కనిపించే ఉబ్బు, తగ్గని గొంతు బొంగురు, మింగడంలో ఇబ్బంది, కుటుంబంలో థైరాయిడ్ క్యాన్సర్, చిన్నతనంలో మెడకు రేడియేషన్ చికిత్స జరిగి ఉండటం: వీటిలో ఏదైనా ఉంటే ఆలస్యం చేయకూడదు.

టీఎస్‌హెచ్ ఒక్కటే కాస్త పెరిగి, థైరాయిడ్ హార్మోను మామూలుగానే ఉన్న స్థూలకాయుల్లో, బరువు తగ్గించడం కోసమని థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) మొదలుపెట్టవద్దని యూరోపియన్ ఎండోక్రైనాలజీ సొసైటీ 2020లో సూచించింది. బరువు తగ్గితే ఆ అంకె చాలామందిలో తానుగా దిగివస్తుంది. రోజూ పరగడుపున వేసుకునే మాత్రకు ముందు, కొన్ని నెలల నడక తర్వాత ఆ పరీక్షను మరోసారి చేయించవచ్చా అని డాక్టరును అడగడంలో తప్పేమీ లేదు.